కప్పు గురించి కాదు

3, సోమవారం

పాత హాజరు రిజిస్టరు ఒకటి సగం ఖాళీగా మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేని మాటలు ఇక దీనికే చెప్పుకుంటాను. ఇది ఎదురు మాట్లాడదు, "నీకు ముక్కు మీదే కోపం" అని దెప్పదు. దెప్పడానికి ఇంట్లో అత్తయ్య ఉంది, స్కూల్లో పెద్దమేడం ఉంది. ఆ ఇద్దరూ చాలు.

ఈరోజు పండుగ పని మొదలుపెట్టాం. పండుగ ఇంకా పదిహేడు రోజులుంది. ట్రంకుపెట్టె తెరిచి, ఇరవై రెండేళ్లుగా చేత్తో గీసి దాచుకున్న కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. పండుగ లెక్కలు, పండుగ పదాలు, పండుగ బొమ్మలు, పండుగ వ్యాసం. ఈ రెండు వారాలూ మా మూడో తరగతిలో కూడికైనా తీసివేతైనా పండుగ మీదుగానే నడుస్తుంది. చివర్లో పిల్లల పనంతా వెనక గోడకి అంటిస్తాం. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి అన్ని క్లాసుల గోడలూ చూసి, మంచి గోడకి కప్పు ఇస్తారు. వరసగా పదకొండేళ్లు ఆ కప్పు మాకే వచ్చింది. పన్నెండోసారి కూడా వస్తే ఇక తిరిగి ఇవ్వక్కర్లేదు, శాశ్వతంగా మాదే.

అయినా కప్పు గురించి కాదు. పిల్లల సంబరం గురించి.

కాగితాలు పంచుతుంటే మూడో బెంచీలో కొత్తపిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేరి పది రోజులైంది. ఎనిమిదేళ్ల పిల్ల, బిగించి వేసిన రెండు జడలు, లెక్కల్లో మాత్రం పిడుగు.

"తీసుకోమ్మా" అన్నాను.

"నేను చెయ్యకూడదు టీచర్. మా మతంలో పండుగలు చెయ్యరు. పుట్టినరోజులు కూడా చెయ్యం."

"ఇది పండుగ కాదే తల్లీ, పాఠం."

కాగితం వంక చూసింది, నా వంక చూసింది. "పైన 'పండుగ పాఠం' అనే రాసుంది కదా టీచర్" అంది. పెడసరంగా అన్నా బాగుండేది, నాలుగు తిట్టేదాన్ని. మర్యాదగా అంది. ఒళ్లు మండిపోయింది.

4, మంగళవారం

పెద్దమేడంతో చెప్పాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, ఫైల్లోంచి ఆ పిల్ల చేరినప్పటి కాగితం తీసి చూపించారు. "క్లాసులో జరిగే అన్ని పనుల్లోనూ పాల్గొంటుంది" అన్న వాక్యం కింద తండ్రి సంతకం. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుందట.

"పండుగ ప్రాజెక్టుకి ఇరవై మార్కులు. సున్నా వస్తే పై క్లాసుకి పంపం. అందరికీ ఒకటే రూలు. మీరే ఏదో ఒకటి చెయ్యండి, మీకు ఇరవై రెండేళ్ల అనుభవం కదా" అన్నారు.

అనుభవం కదా అన్నప్పుడల్లా ఓ బరువు నా నెత్తిన పెడుతున్నారని అర్థం.

5, బుధవారం

అనుభవం చూపించాను. నిన్న ఇంటికొచ్చి లెక్కల కాగితం తిరగరాశాను. "పండుగకి ముప్పై ఆరు రంగు బల్బులు కొన్నారు" అన్నదాన్ని "దుకాణానికి ముప్పై ఆరు రంగు బల్బులు కొన్నారు" అని మార్చాను. పైన "లెక్కల పాఠం" అని పెట్టాను. అత్తయ్యకి చూపిస్తే మెచ్చుకుంది కూడా.

పొద్దున్న క్లాసులో ఇచ్చాను. ఆ పిల్ల పెన్సిలు తీసింది, లెక్క చదివింది, మళ్లీ పెన్సిలు కింద పెట్టింది.

"టీచర్, దుకాణానికి ఈ తోరణాలెందుకు?"

కాగితం చుట్టూ అంచుకి నేను గీసుకున్న తోరణాలు తియ్యడం మర్చిపోయాను.

6, గురువారం

తోరణాలు చెరిపేశాను. కింద మూలన చిన్న కానుక పెట్టె బొమ్మ ఉండిపోయింది. అదీ పట్టేసింది. ఈ పిల్లకి లాయరమ్మ అని పేరు పెట్టేశాను, మనసులోనే.

7, శుక్రవారం

పెద్దమేడం ఇవాళ వరండాలో నన్ను నిలబెట్టి తేల్చి చెప్పేశారు. పద్దెనిమిదో తేదీన ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి గోడ మీద ఆ పిల్ల పని, పని కింద ఆ పిల్ల పేరు కనబడాలి. లేకపోతే టీసీ రాసి పంపేస్తారు. "వేరే స్కూలు చూసుకుంటారు, ఏముంది" అని చేతులు దులుపుకున్నారు.

నాలుగో క్లాసు టీచరు పక్కనే నిలబడి వింటోంది. ఈసారి వాళ్ల గోడకి కరెంటు దీపాలు పెడుతున్నారట, మీట నొక్కితే వెలిగి ఆరేవి. "మీకేమండీ, ఎలాగూ మీదే కప్పు" అంది పళ్లికిలించి.

8, శనివారం

బీరువాలోంచి కప్పు తీసి తుడిచాను. దుమ్ము పట్టింది కాబట్టి.

10, సోమవారం

ఉపాయం దొరికింది. లాయరమ్మని స్టోరుగదికి ఇన్‌చార్జిని చేశాను. పండుగ పాఠం జరిగే గంటన్నరా ఆ పిల్ల స్టోరుగదిలో పాత చార్టులు సర్దుతుంది. "పిల్ల చార్టులు సర్దింది" అని ఓ కాగితం రాసి, కింద పేరు రాయించి గోడకి అంటిస్తే పనీ కనబడుతుంది, పేరూ కనబడుతుంది. అందరికీ బాగుంటుంది. ఆ పిల్లక్కూడా హాయి. "వెళ్తావా?" అంటే "మీరు చెప్తే వెళ్తాను టీచర్" అంది.

సంతోషంగానే వెళ్లింది. వెళ్లింది అనే అనుకుంటున్నాను.

11, మంగళవారం

ఈరోజు రాయడానికేమీ లేదు.

12, బుధవారం

ఉంది.

నిన్న పాట నేర్పిస్తున్నాను. నలభై మంది పిల్లలు, బల్లలు వాయిస్తూ, గొంతులు చించుకుని పాడుతున్నారు. గోడకి తోరణాలు కట్టే హడావిడిలో స్టోరుగది సంగతే మర్చిపోయాను. ఇంటి గంట కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు, నేను నిచ్చెన మీద ఉన్నాను. అప్పుడు ఆయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "టీచరమ్మా, లోపల పిల్లుంది! నేను చూసుకోలేదు, బయట గడియ పెట్టేశాను!"

గంట పైనే అయింది గడియ పెట్టి.

తలుపు తీస్తే లాయరమ్మ సుద్దముక్కల పెట్టె మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. చార్టులన్నీ క్లాసుల వారీగా సర్ది ఉన్నాయి. కుడి చేతి వేళ్ల కణుపులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"ఎందుకమ్మా అరవలేదు?"

"లిఫ్టులో ఇరుక్కుంటే అరవకూడదు టీచర్, అలిసిపోతాం. ఆగి ఆగి తలుపు కొట్టాలి. మూడుసార్లు కొట్టి, ఆగి, మళ్లీ మూడుసార్లు. మా నాన్న చెప్పారు. కొట్టాను. మీరు పాట పాడిస్తున్నారు, వినబడలేదు."

రిజిస్టరులో ఇది నిన్ననే రాయాల్సింది. రాయలేకపోయాను. ఇరవై రెండేళ్లలో నా క్లాసు పిల్ల తలుపు కొట్టిన చప్పుడు నా పాట వల్లే నాకు వినబడకపోవడం ఇదే మొదటిసారి.

ఇవాళ స్కూలు వదలగానే వాళ్లింటికి వెళ్లాను. తప్పు ఒప్పుకోవడానికి. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ మోకాళ్ల ఎత్తున కొత్త బట్టలు. తళుకుల అంచులు, మెరుపుల జాకెట్లు, అన్నీ పండుగ బట్టలే. నేను వాటి వంక చూడటం తల్లి కనిపెట్టింది.

"కుట్టడం మా పనండీ. వేసుకుని చేసుకోవడం వాళ్ల పండుగ" అంది నవ్వుతూ.

తండ్రి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చొక్కా చేతులు మడుచుకుంటున్నారు. మంచి పొడగరి, గుమ్మం దగ్గర తల వంచాలి. గోడ పక్కన పనిముట్ల సంచి, దాని పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది. నిన్న జరిగిందంతా దాచకుండా చెప్పాను.

ఆయన కూతురి వంక తిరిగి "తలుపు కొట్టావా?" అన్నారు.

"కొట్టాను. మూడేసి."

"ఊఁ. బాగా గుర్తుపెట్టుకున్నావు."

మడిచిన చొక్కా చేతులు విప్పి, మళ్లీ మడుచుకున్నారు. తిట్టినా భరించేదాన్ని. చివరికి "ఇది మూడో స్కూలండీ" అన్నారు. "మొదటి దాంట్లో పండుగ రోజు బలవంతంగా నోట్లో స్వీటు పెట్టారు. రెండో దాంట్లో బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఇక్కడా కుదరకపోతే ఇంక తిప్పలేను. ఇంట్లోనే చదువుకుంటుంది."

లాయరమ్మ తల వంచుకుని జడ చివర చుట్టుకుంటోంది. లెక్కల పుస్తకం ఒళ్లో ఉంది. మేమింకా మొదలే పెట్టని భాగాహారాలన్నీ చేసేసింది.

తల్లి మిషను ఆపి, "పండుగ గురించి తెలుసుకోవద్దని మేం ఎప్పుడూ అనలేదండీ" అంది. "ఎందుకు చేస్తారు, ఎవరెవరు చేస్తారు, అన్నీ చెప్పండి, నేర్చుకుంటుంది. చెయ్యమనకండి, అంతే. తెలుసుకోవడం వేరు, చెయ్యడం వేరు కదండీ."

ఇరవై రెండేళ్లలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. నేను అడిగితే కదా చెప్పడానికి!

అంతలో ఆయన ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. అప్పుడే విప్పిన బూట్లు మళ్లీ వేసుకున్నారు. "ఈ నెలంతా ఇంతేనండీ, చుట్టాలు, సామాన్లు. పండుగ రోజైతే ఊపిరాడదు. తొమ్మిదేళ్లుగా ఆ రోజు ఈ చుట్టుపక్కలంతా నా ఒక్కడి డ్యూటీనే" అన్నారు.

"అదేమిటి, మీ ఒక్కరే ఎందుకు?"

"మిగతా వాళ్లకి పండుగ ఉంటుంది కదండీ" అని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

13, గురువారం, పొద్దున్నే

స్కూలుకి వెళ్లేముందే రాస్తున్నాను, మళ్లీ మర్చిపోతానేమోనని.

టీ తాగుతూ అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడ ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సు. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు.

"పండుగ రోజు నేనింట్లో ఉన్నది ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లే? నాలుగుసార్లు. ఆ నాలుగుసార్లూ నా బదులు డ్యూటీకి వచ్చినావిడ మీ లాయరమ్మ మతమావిడే. ఓసారి నేను నోరు జారి, 'పాపం, నీకు పండుగే లేదు కదమ్మా' అన్నాను. 'మీకుంది కదా సిస్టర్, మీరు వెళ్లండి' అంది. మీ ఆయనకి అప్పుడు నాలుగేళ్లు. నేను గుమ్మంలో కనబడేసరికి వాడు ఎగిరిన ఎగురుడు ఇప్పటికీ గుర్తే నాకు."

మా ఆయన పేపరు దించి అత్తయ్య వంక చూశారు. ఆ సంగతి ఆయనకీ తెలియదట.

నేను టీ సగంలో వదిలేసి లేచాను. "ఏమయిందే?" అంది అత్తయ్య.

"ఏమీ లేదు. పాఠం దొరికింది."

13, సాయంత్రం

గోడ మీద కట్టిన తోరణాలన్నీ పీకేశాను. పిల్లలు నోరు వెళ్లబెట్టి చూశారు.

"ఈసారి మన గోడ వేరే" అన్నాను. "పోయిన ఏడాది పండుగ రోజు మీరందరూ ఏం చేశారో నాకు తెలుసు, తిన్నారు, ఆడారు. ఆ రోజు పనిలో ఉన్నవాళ్లెవరు? ఇంటికెళ్లి కనుక్కోండి. ఒక్కొక్కరు ఒక్క మనిషి గురించి తెలుసుకుని రావాలి. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏం పని చేశారో."

లాయరమ్మ చెయ్యెత్తింది.

"ఇది పండుగ పాఠమా టీచర్?"

"పండుగ గురించి తెలుసుకునే పాఠం. నువ్వు తెలుసుకోవాల్సింది పని గురించి."

చాలాసేపు ఆలోచించింది. అంతసేపూ క్లాసంతా ఆ పిల్ల మొహమే చూస్తోంది, నాతో సహా. "పని గురించైతే చేస్తాను టీచర్" అంది.

అమ్మయ్య!

14, శుక్రవారం

ఈ రోజు లాంటి రోజు నా ఉద్యోగంలో మళ్లీ వస్తుందో రాదో. అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి.

పిల్లలు ఒక్కొక్కళ్లే లేచి చెప్పారు. తెల్లవారుజామున నాలుగింటికి నీళ్ల పంపు వదిలే మనిషి. అయిదింటికి పాలబండి ఆవిడ. ఆరింటికి బస్సు డ్రైవరు. మధ్యాహ్నం ఆస్పత్రిలో కాన్పు చేసిన డాక్టరమ్మ, ఆ కాన్పులో పుట్టినవాడే ఓ పిల్ల తమ్ముడట. అన్నీ నల్లబల్ల మీద రాస్తూ పోతున్నాను.

కిటికీ పక్క పిల్ల లేచింది. "మా ఇంటి దగ్గర లిఫ్టు ఆగిపోయింది టీచర్. తాతయ్య, మామయ్య లోపల ఇరుక్కున్నారు. ఒకాయన వచ్చి తీశారు. బాగా పొడుగు. సంచికి ఎర్ర టేపు ఉందట."

రాశాను. లాయరమ్మ వంక చూడకుండా రాశాను.

ఇంకో పిల్లాడు లేచాడు. "మాక్కూడా లిఫ్టాయనే టీచర్! పదకొండో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చారట. సంచికి ఎర్ర టేపు."

మూడో పిల్ల. నాలుగో పిల్లాడు. వేర్వేరు బిల్డింగులు, వేర్వేరు వీధులు, మనిషి ఒక్కరే. క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. లాయరమ్మ బల్ల అంచు పట్టుకుని నిటారుగా కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి.

అయిదోది మా గయ్యాళి బంగారం, ముందు బెంచీ. ఏ మాటా కడుపులో దాచుకోదు. "మా ఇంటిక్కూడా ఆయనే వచ్చారు. మా అమ్మ స్వీటిస్తే వద్దన్నారట. పొగరు మనిషి అంది మా అమ్మ."

లాయరమ్మ లేచి నిలబడింది.

"పొగరు కాదు. మా నాన్న."

వెనక బెంచీల వాళ్లు కూడా లేచి చూశారు.

"మా నాన్న పండుగ స్వీటు తినరు. మామూలు రోజు ఇస్తే రెండు తింటారు."

క్లాసంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. వెక్కిరింత నవ్వు కాదు. అయిదుగురూ ఆ పిల్ల బెంచీ చుట్టూ మూగారు. మీ నాన్నేనా? నిజంగా? లిఫ్టు పైకప్పు మీదకి ఎక్కుతారటగా? చీకట్లో భయం వెయ్యదా? లాయరమ్మ జవాబులు చెప్తూనే ఉంది. ఇన్ని రోజుల్లో ఆ పిల్ల పళ్లు నేను చూడటం ఇదే మొదలు. ముందు పన్ను ఒకటి సగం ఊడి ఉంది.

"మీ నాన్నకి ఆ రోజు ఏం కావాలి మరి? స్వీటు వద్దంటే?" అని అడిగింది గయ్యాళి బంగారం, కొంచెం తగ్గి.

"నీళ్లు. కుర్చీ. రోజంతా నిలబడే పని కదా. ఎవరూ కుర్చీ వెయ్యరు."

నేను బల్ల వైపు తిరిగి సుద్దముక్క వెతుక్కుంటున్నట్టు నటించాను. ముక్క చేతిలోనే ఉంది.

15, శనివారం

గోడ నిండా ఒక పెద్ద గడియారం. ఇరవై నాలుగు గంటలు, గంటకో మనిషి, కొన్ని గంటలకి ఇద్దరు ముగ్గురు. వలయాన్ని ఇరవై నాలుగు సమభాగాలు చేసింది లాయరమ్మే, దారం కట్టి, మడిచి, మడిచి. మధ్యలో ఖాళీ గుండ్రంలో మిగతా పిల్లలు తమ ఇళ్లలో పండుగ ఎలా జరిగిందో బొమ్మలు వేశారు. చుట్టూ పనిచేసే మనుషుల్ని లాయరమ్మ, ఇంకో పదిమంది కలిసి వేశారు. ఎప్పుడో రిటైరైనా అత్తయ్య కూడా ఉంది అందులో, తెల్లటోపీతో, సాయంత్రం ఆరు దగ్గర. ఫోటో తీసుకెళ్లి చూపిస్తే "ముక్కు ఇంత పెద్దదా నాది?" అంది. అరగంట దాకా ఫోను తిరిగివ్వలేదు.

నాలుగో క్లాసు టీచరు తొంగిచూసింది. ఆమె మొహంలో రంగు మారింది. ఈ గోడకి కప్పు రాకపోతే ఇంక కప్పులకి అర్థమే లేదు.

కప్పు గురించి కాదనుకోండి.

17, సోమవారం

ఆఫీసు నుంచి అక్షరాలు వచ్చాయి. ప్రతి గోడ మీదా పైన పెట్టాల్సినవి: "పండుగ శుభాకాంక్షలు". పోటీలో ఉండాలంటే తప్పనిసరి, ఏటా ఉండేదే. నేను నిచ్చెన ఎక్కి మొదటి అక్షరం అంటించాను.

కింద లాయరమ్మ నిలబడి ఉంది.

"టీచర్, ఆ అక్షరాల కింద నా పేరుంటే, నేనూ శుభాకాంక్షలు చెప్పినట్టే కదా?"

నేను నీళ్లు నమిలాను. "అదేం కాదులే, అది ఊరికే..."

"నా పేరు తీసెయ్యండి టీచర్. గడియారం ఉండనివ్వండి. మీకు కప్పు రావాలి కదా."

పేరు తీసేస్తే మార్కులు లేవు. మార్కులు లేకపోతే టీసీ. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, పెద్దమేడం దాని ముందే అన్నారట. తెలిసే అంది. ఎవరినీ నిందించకుండా, నా మీద జాలిపడి అంది.

నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాను. ఎనిమిదేళ్ల పిల్లకి తెలుసు. నలభై మంది పిల్లలకీ తెలిసే ఉంటుంది. ఆయమ్మకీ తెలుసు. తెలియనట్టు నటించింది నేనొక్కదాన్నే, అదీ ఎవరూ చదవని ఈ రిజిస్టరులో.

సరే, రాస్తున్నాను. కప్పు గురించే. మొదటి రోజు నుంచీ కప్పు గురించే. ఆ పిల్లని స్టోరుగదికి పంపింది కప్పు కోసమే. నిన్నటిదాకా ఈ గడియారం కూడా సగం కప్పు కోసమే.

అంటించిన అక్షరం పీకేశాను. గోడ సున్నం కొంచెం పెచ్చులూడింది.

18, మంగళవారం

గెలిచాం!

వరసగా రాయాలి. పెద్దమేడం ఇన్‌స్పెక్టరు గారిని తీసుకుని గుమ్మంలో అడుగు పెట్టగానే గోడ పైన చూశారు. "శుభాకాంక్షలు ఏవీ?"

"పెట్టలేదు మేడం."

"పెట్టకపోతే పోటీలో లేనట్టే. తెలుసు కదా మీకు?"

"తెలుసు మేడం. లేం."

పన్నెండో ఏడు కప్పు అక్కడితో పోయింది. అనుకున్నంత నొప్పి వెయ్యలేదు. వేసింది, కాస్త వేసింది, అబద్ధమెందుకు.

ఇన్‌స్పెక్టరు గారు మాత్రం కదలలేదు. పొట్టి మనిషి, మునివేళ్ల మీద నిలబడి తెల్లవారుజాము నాలుగు నుంచి ఒక్కో మనిషి గురించీ చదవడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు చదివారు. నాలుగో క్లాసు దీపాలు వెలిగి ఆరి వెలిగి ఆరి విసిగిపోయి ఉంటాయి.

"ఎవరు గీశారు ఈ గడియారం?"

లాయరమ్మ చెయ్యెత్తింది.

"ఇందులో పండుగ ఎక్కడుందమ్మా?"

"మధ్యలో ఉందండీ. అది వాళ్లు గీశారు. చుట్టూ ఉన్నది నేను గీశాను."

"నువ్వు మధ్యలో గియ్యలేదేం?"

"మేం పండుగ చెయ్యమండీ. కానీ చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోతే మధ్యలోది కూడా ఆగిపోతుంది. అందుకని వీళ్ల గురించి తెలుసుకున్నాను."

ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మార్కుల కాగితం అడిగి తీసుకుని, గడియారం కింద రాసున్న పేరు చూసి, ఆ పేరు ఎదురుగా ఇరవైకి ఇరవై వేశారు. పెద్దమేడం ఏదో అనబోయారు.

"పోటీలో లేదన్నారు, ఒప్పుకున్నాను. పాఠంలో ఉంది కదండీ" అన్నారాయన. "వచ్చే ఏడాది నుంచి ఆ అక్షరాలు పెట్టాలా వద్దా అన్నది ఏ టీచరు ఇష్టం వాళ్లకి వదిలేద్దాం. రాసి పంపిస్తాను."

పెద్దమేడం టీసీ పుస్తకం చంకలోనే పెట్టుకుని వచ్చారు పాపం. అలాగే పెట్టుకుని వెళ్లారు.

కప్పు నాలుగో క్లాసుకి వచ్చింది. నేనే బీరువాలోంచి తీసి చేతికిచ్చాను. "మెరుస్తోందే!" అంది ఆవిడ. మెరవదూ మరి, అంతలా తోమి పెట్టింది ఎవరు?

19, బుధవారం

లిఫ్టాయన స్కూలుకి వచ్చారు, పిల్లలు వెళ్లిపోయాక. గోడ ముందు నిలబడి చదివారు. కుర్చీ వేశాను. కూర్చుని మళ్లీ చదివారు. వెళ్లేటప్పుడు స్టోరుగది తలుపుకి బయటి గడియ తీసేసి, లోపలి నుంచి కూడా తెరుచుకునే గడియ బిగించి వెళ్లారు. ఎవరూ అడగలేదు.

20, గురువారం

పండుగ. ఇంటి నిండా జనం. రాసే తీరిక లేదు, ఎంత హాయి!

22, శనివారం

స్కూలు తెరిచారు. లాయరమ్మ పరుగెత్తుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల పరుగెత్తగలదని నాకు తెలియదు.

"టీచర్! పండుగ రోజు మా నాన్నకి తొమ్మిది పిలుపులు. అందులో అయిదు చోట్ల లిఫ్టు పక్కన కుర్చీ వేసుంది! పక్కన చెంబుతో నీళ్లు!"

అయిదు. నేను ఎవరికీ చెప్పలేదు. క్లాసు వంక చూస్తే, లిఫ్టు గురించి చెప్పిన ఆ అయిదుగురూ ఏమీ ఎరగనట్టు పుస్తకాల్లో తల దూర్చేశారు.

"ఒకచోట వేసింది చిన్నపిల్లల కుర్చీ టీచర్. దాని మీద కూడా కూర్చున్నారట. కాలు విరిగింది."

"అయ్యో! ఎవరి కాలు?"

"కుర్చీ కాలు. బాగుచేసి ఇచ్చేసి వచ్చారు."

నవ్వలేక చచ్చాను. అంతలో ముందు బెంచీ గయ్యాళి బంగారం చిన్న డబ్బా పట్టుకుని వచ్చి లాయరమ్మ ముందు నిలబడింది. "మా అమ్మ మీ నాన్నకి ఇమ్మంది" అంది, నేల చూపులు చూస్తూ.

లాయరమ్మ మూత తీసింది. స్వీట్లు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది, నేనూ.

"ఇవి మొన్నటి పండుగవి కాదు కదా?"

"కాదు! నిన్న చేసింది. మామూలు రోజున. మీ నాన్న కోసమే చేసింది."

"మొన్న మిగిలినవి కాదు?"

"నిన్నే అన్నాను కదా! కావాలంటే మా అమ్మని అడుగు, నేను పక్కనే ఉండి చూశాను!"

లాయరమ్మ ఆలోచించింది. డబ్బా నాలుగు వైపులా తిప్పి చూసింది. ఎక్కడా తోరణాల్లేవు. అప్పుడు రెండు తీసి చేతిరుమాల్లో మూటకట్టి, జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. నాన్నకి.

మూడోది నోట్లో వేసుకుంది.